గోటి గీత పడని మందుల డబ్బా

ఇరవై ఏళ్లుగా డిజైన్ పాఠాలు చెబుతున్నాను. జబ్బుపడినవాళ్లు వాడే వస్తువులు వాళ్ల చేతికీ బతుక్కీ ఇమిడేలా తయారుచేయించడం నా పని. ఇన్నేళ్లలో నాకు బాగా ఒంటబట్టింది మాత్రం అనుమానం. ఎవరైనా "బాగుందండీ" అంటే చాలు, ఒళ్లు చిరచిరలాడుతుంది. నేను పొరపాటున పంతులమ్మనయ్యాననీ, పోలీసుల్లో చేరాల్సినదాన్ననీ మా ఆయన దెప్పుతుంటారు.

ఆ మధ్య బీపీ ఉన్నవాళ్ల కోసం ఒక మందుల డబ్బా చేశాం. వారానికి ఏడు అరలు. వేళకి గంట మోగుతుంది, మాత్ర తీసేదాకా ఎర్రదీపం వెలుగుతుంది. సోమవారం నుంచి తమ రోగులందరికీ ఇస్తామని ఒక క్లినిక్ వాళ్లు ఒప్పుకున్నారు. అంతకు ముందు నెల్లాళ్లు వాడి చూడమని కృష్ణానగర్‌లో పదిమందికి ఇచ్చాం. పదిమందీ సినిమాల్లో గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టులే. అక్కడ మనుషులు కావాలంటే వాళ్లే దొరుకుతారు మరి. నా తెలివి తెల్లారినట్టే ఉంది, నటించి బతికేవాళ్లని పిలిచి నిజం చెప్పమన్నాను!

నెల గడిచాక అందరూ డబ్బాలు పట్టుకుని వచ్చి "సూపర్ మేడం" అన్నారు. అందులో ఒకావిడ, యాభై దాటిన మనిషి, పెళ్లి సీన్లలో పెద్దముత్తయిదువగా నిలబడుతుంది. డబ్బాని గుండెకి హత్తుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్లు చూడగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. డబ్బా అడిగి తీసుకుని తిప్పి తిప్పి చూశాను. నెలరోజులు వాడిన వస్తువు మీద గోటి గీత లేదు, పసుపు మరక లేదు, మూలల్లో దుమ్ము లేదు. అరలు మాత్రం ఖాళీ. మాత్రలు పారబోస్తోందని తీర్మానించేసుకున్నాను. అప్పటికి ఏమీ అనకుండా డబ్బా తిరిగి ఇచ్చేశాను గానీ, మిగతా తొమ్మిదిమందీ ఇంతేనేమో, సోమవారం తర్వాత క్లినిక్‌కి వచ్చేవాళ్లు కూడా ఇలాగే మందులు మానేస్తారేమో అని భయం పట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా ఆవిడ గదికి వెళ్లాను. ఫిలింనగర్‌లోని మా ఇంటి నుంచి కృష్ణానగర్ ఎంతో దూరం లేదు, ఇన్నాళ్లూ ఎప్పుడూ వెళ్లలేదంతే. మా డబ్బా టీవీ పక్కన, మళ్లీ ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, ముద్దుగా కూర్చునుంది.

"నిజం చెప్పండమ్మా. మాత్రలు ఏం చేస్తున్నారు?"

దొంగని నిలదీసినట్టే అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆవిడ చేతిసంచిలోంచి ఒక పాత పౌడరు డబ్బా తీసి మూత తెరిచింది. లోపల దూది, దాని మీద మాత్రలు.

"రోజూ ఏస్కుంటున్న మేడం, ఒట్టు. గిండ్లకెల్లే."

"మరి మా డబ్బా?"

"మొదటి దినమే షూటింగ్‌కు తీస్కపోయిన. గుడి సీను. అందరం చేతులు జోడించి నిలవడ్డం. షాట్ నడుమ మీ గంట మోగింది. డైరెక్టర్ సారు కట్ అని ఒర్రిండు. ఎర్రలైటు జూసి, ఏం బీమారని మమ్ముల షూటింగ్‌లకు పిలిచే కోఆర్డినేటర్ అడిగిండు. బీపీ అని చెప్పిన. గంతే, పదిహేను దినాలు పిలువలే. ఎండల నిలవెడితే పడిపోతనని ఆయన ఫికర్. పౌడర్ డబ్బల ఏముందని ఎవ్వరడుగుతరు?"

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"బాగలేదంటే మీరు గూడ మళ్ల పిలువరని."

అంటే ఆవిడ లెక్కలో నేనూ ఇంకో కోఆర్డినేటర్నే! ఇరవై ఏళ్లుగా నా చెవిన పడ్డ "బాగుంది"లన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పౌడరు డబ్బా చేతిలోకి తీసుకుని చూశాను. మూత అంచున, బొటనవేలు ఆనే చోట, రంగంతా అరిగిపోయింది. అది చూసి నమ్మాను. అక్కడే నిలబడి క్లినిక్‌కి ఫోన్ చేసి, సోమవారం డబ్బాలు ఇవ్వొద్దని చెప్పాను.

గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ ఆవిడ చెంగుతో కళ్లు తుడుచుకుంది. మొహం చక్కగా సర్దుకుని అడిగింది.

"మేడం, ఇప్పుడు చెప్పింది మంచిగొచ్చిందా? లేకుంటే మళ్లొకసారి చెప్త."

బాగుందమ్మా అనబోయి, చప్పున నోరు మూసుకున్నాను.