ఏనుగు విన్న మాట

మాది పలమనేరు దగ్గర అడవిని ఆనుకున్న మామిడితోట. తిరుపతిలో చదువుకునే మా తమ్ముడి కూతురు, ఏనుగుల రాకపోకలు తెలుసుకోవాలని పోయినేడు మా చెట్టొకదానికి చిన్న రికార్డరు కట్టింది. దాన్ని రూపొందించినవాళ్లు ఎవరైనా చేసుకోవచ్చని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన నమూనా చూసి, అరచేతిలో పట్టే ఆ డబ్బాను తక్కువ ఖర్చుతో తనే బిగించుకుంది.

ఆ వారమే తెల్లవారుజామున ఒంటి ఏనుగు వచ్చింది. "టపాకాయలు కాల్చి తరిమినా" అని మావారు ఊరంతా చెప్పుకున్నారు.

ఆదివారం ఇరుగుపొరుగు మా వాకిట్లో ఉండగా పిల్ల ఆ రికార్డింగు పెట్టింది. ఫెళ్లుమని కొమ్మ విరిగింది. టపాకాయ ఒక్కటీ పేలలేదు. వణుకుతున్న మావారి గొంతు వినిపించింది.

"సామీ, దండం పెడతా. బిడ్డల మాదిరి పెంచుకున్న చెట్లు. కాయలు తిను, కొమ్మలు మాత్రం ఇరగ్గొట్టొద్దు. అడివికి ఎలబారు సామీ!"

అందరూ పగలబడి నవ్వారు. మావారు తల దించుకున్నారు.

"మామను చూసి నవ్వొద్దండి. ఇంకా ఉండాది, ఇనండి" అంది పిల్ల.

పెద్ద ఊపిరి ఒకటి వినిపించింది. తర్వాత ఎండుటాకుల మీద అడుగులు నిదానంగా దూరమయ్యాయి. ఇంకో కొమ్మ విరగలేదు.

పక్కతోట పెద్దాయన లేచి, "మా తోటలోకొస్తే నిన్నే పిలుస్తానప్పా. నాకాడ ఉండేది టపాకాయలే" అన్నాడు.

ఏనుగు జాడ కోసం కట్టిన ఆ డబ్బా నాకు మావారిని వినిపించింది. ఇన్నేళ్లలో ఆయన మాటను ఆ ఏనుగంత ఓపికగా నేనెప్పుడూ వినలేదు.