రాళ్ళ చుట్టూ గొలుసెందుకమ్మా?

అందరూ అరకు వెళ్ళేది వలిసె పూలు చూడటానికి. నేను వెళ్ళింది సిమెంటు బొమ్మల్ని ఆపడానికి. విశాఖలో మా కాలనీ పార్కును కొత్తగా తీర్చిదిద్దుతున్నారు. అందులో ఒక మూలకు ‘గిరిజన వనం’ అని పేరు పెట్టి, థింసా నాట్యం ఆడుతున్నట్టు సిమెంటు బొమ్మలు నిలబెడదామని కమిటీ ఆలోచన. నాకు ఒళ్ళు మండింది. “పొద్దున్న రైలెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకి వాళ్ళ ఊళ్ళో ఉంటాం. ఎదురుగా మనుషులుంటే ఒక్క మాట అడక్కుండా వాళ్ళ బొమ్మలు చేసుకోవడమేంటండీ?” అన్నాను. నోరున్నవాళ్ళ నెత్తినే పని పడుతుంది కదా! “అయితే మీరే వెళ్ళి అడిగి రండి పార్వతి గారూ. ఆదివారం మీటింగు లోపు తేలకపోతే బొమ్మలకి ఆర్డరు ఇచ్చేస్తాం” అన్నారు మా ప్రెసిడెంటు గారు. ఆయన రిటైరైన ఇంజనీరు. మంచివారే గానీ, తాళాలంటే ప్రీతి.

ఎవరిని అడగాలో నాకు ముందే తెలుసు. మా రైతుబజారుకి పసుపు, రాజ్మా అమ్మడానికి వచ్చే గురుబారి అనే గదబ తెగ ఆవిడ నాలుగైదేళ్ళుగా పరిచయం. గురువారం పుట్టింది కాబట్టి ఆ పేరు. ఒకసారి ఆవిడ ఫోన్‌లో వాళ్ళ ఊరి ఫోటోలు చూపించింది. చింతచెట్టు కింద గుండ్రంగా పరిచిన పెద్ద పెద్ద పలక రాళ్ళు. వాళ్ళు దాన్ని సదరు అంటారు, ఊరి పెద్దలు కూర్చునే చోటు. బొమ్మల బదులు అలాంటి రాళ్ళ వలయం మా పార్కులో కట్టిస్తే ఎంత బావుంటుంది! ఆ ఊరివాళ్ళ చేతే కట్టించాలి. కమిటీకి తెలిసిన ఆర్కిటెక్టు కుర్రాడితో అందమైన డ్రాయింగు గీయించుకుని, గొట్టంలా చుట్టి సంచిలో పెట్టుకుని శుక్రవారం బయలుదేరాను.

కిరండూల్ రైలు విశాఖలో ఏడు లోపే కదులుతుంది, కాబట్టి ఆరున్నరకల్లా స్టేషన్లో ఉండాలి. అద్దాల పెట్టెకి వందల్లో టికెట్టు, అదీ చాలా ముందుగా తీసుకోవాలి. నేను జనరల్లో వెళ్ళాను, వంద రూపాయలకి చిల్లర కూడా ఇచ్చారు. సొరంగం వచ్చినప్పుడల్లా కాలేజీ పిల్లలు గొంతు చించుకుని అరుస్తారు. మొదటి నాలుగింటికి నాకూ సరదాగానే ఉంది. బొర్రా దగ్గర వేడి వేడి బజ్జీలు ఎక్కాయి. శిమిలిగుడ దాటేసరికి కిటికీలోంచి చల్లగాలి, లోయంతా పచ్చటి వలిసె పూలు. అరకు చేరేసరికి పదకొండయింది.

శుక్రవారం అరకు సంత. స్టేషను బయట ఆటోలన్నీ సంతకే పరిగెడుతున్నాయి. ఒకాయన మాత్రం నన్ను చూసి ఆగాడు. “ఏటి మేడం, మ్యూజియమా, జలపాతమా?” ఊరి పేరు చెప్పాను. “ఆ ఊర్లో సూడ్డానికి ఏటుందండీ?” అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి. “మనుషులున్నారు నాయనా” అన్నాను. నవ్వేసి, రానుపోను ఆరు వందలకి ఒప్పుకున్నాడు. అరగంట ప్రయాణం, చివర్లో ఎర్రమట్టి దారి. దిగేటప్పుడు, “బేగి వచ్చీయండి మేడం, సాయంత్రం విశాపట్నం బస్సు తప్పిపోద్ది” అని హెచ్చరించి సీటు మీద కాళ్ళు చాపుకున్నాడు.

గురుబారి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తిన్నగా చింతచెట్టు కిందికి తీసుకెళ్ళింది. చెంబుతో నీళ్ళిచ్చి, ఒక రాయి చూపించి, “కూకోండి మేడం” అంది. అంత పెద్ద చరిత్ర ఉన్న రాయి మీద కూర్చోవడమా? నేను చెప్పులు వదిలి, దణ్ణం పెట్టి, పక్కన నేల మీద చతికిలబడ్డాను. అక్కడున్న ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఎదురు రాయి మీద కూర్చున్న ముసలాయన మాత్రం నవ్వలేదు. ఆయన సోంబరు తాత, ఆ ఊరి పెద్ద. ఈ విషయంలో ఆయన ఒప్పుకుంటేనే ఊరు ఒప్పుకున్నట్టు అని గురుబారి నాకు ఫోన్లోనే చెప్పింది.

నేనేమీ తగ్గలేదు. డ్రాయింగు విప్పి, నాలుగు మూలలా గులకరాళ్ళు పెట్టి, టీచరమ్మలా వివరించాను. ఇదిగో మీ రాళ్ళ లాంటి రాళ్ళు, ఇది గడ్డి, ఇది మీ ఊరి పేరుతో బోర్డు. తాత వంగి చూసి, వలయం చుట్టూ గీసిన గీత మీద వేలు పెట్టాడు.

“ఇదేటి?”

“స్టీలు గొలుసు తాతా. ఎవరూ లోపలికి వెళ్ళకుండా. ఇక్కడ ‘రాళ్ళపై కూర్చోరాదు’ అని బోర్డు కూడా పెడతాం. మీ రాళ్ళకి గౌరవం ఇవ్వాలి కదా!”

తాత గురుబారి వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఆవిడ ఇబ్బందిగా నా మొహం చూసింది. “రాళ్ళ సుట్టూ గొలుసెందుకమ్మా అని అడుగుతున్నాడు. కూకోకపోతే రాయి ఎందుకేయడం?” అంది.

అప్పుడు చెప్పారు సంగతి. ఊళ్ళో పెద్దవాళ్ళు పోయాక, వాళ్ళ పేరు మీద ఇంటివాళ్ళే ఒక రాయి మోసుకొచ్చి ఇక్కడ వేస్తారు. బతికున్నవాళ్ళు కూర్చోవడానికే వేస్తారు. ఊరికి ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి నీళ్ళిస్తారు, ఏం పని మీద వచ్చావని ఆ తర్వాతే అడుగుతారు. పూర్వం మగ పెద్దలే కూర్చునేవారట, ఇప్పుడు ఆడవాళ్ళ సంఘం మీటింగులూ ఇక్కడే. “నువ్వు నేల మీద కూకున్నావు. మాయమ్మ రాయి కాళీగా ఉండిపోనాది” అన్నాడు తాత. గౌరవం అనుకుని నేను చేసింది, వాళ్ళమ్మ పెట్టిన పీటని కాలదన్నడమన్నమాట! లేచి వెళ్ళి ఆ రాయి మీద కూర్చున్నాను. ఎండకి వెచ్చగా ఉంది. అప్పుడు నవ్వాడు తాత.

“అయితే గొలుసు తీసేస్తాం” అన్నాను హుషారుగా. పని అయిపోయిందనుకున్నాను. గురుబారి తల అడ్డంగా ఊపింది.

“గొలుసు సరే మేడం. గేటు మాటేటి?”

నాకు అర్థం కాలేదు. ఆవిడ నా ఎదురుగా కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పింది. కిందటేడాది వాళ్ళాయనని విశాఖ పెద్దాసుపత్రిలో చేర్చారు. వార్డులో ఒక్కరినే ఉండనిచ్చేవారు. కొడుకు లోపలుంటే ఈవిడ బయట. మధ్యాహ్నం ఎండకి తాళలేక దగ్గర్లో చెట్లు కనిపిస్తే అటు నడిచింది. అదొక పార్కు. “తాళం ఏసున్నాది. ఊసల్లోంచి లోపల నీడ అగుపడతంది. మనిషి లేడు, కుక్క కూడా లేదు. నాను గోడకి ఆనుకుని కూకున్నాను. అదీ వద్దని లేపేసినాడు వాచ్‌మేను. మూడు రోజులు అలగే తిరిగినాను, మా ముసిలోడు పోయినంతవరకూ.” నా డ్రాయింగు వైపు చూపించి అంది. “ఆ పార్కు మీదో, ఇంకోలదో నాకు తెల్దు. మా రాళ్ళు లోపల, మేము బయటా? అలగైతే రాము మేడం.”

మా పార్కు ఆసుపత్రికి దగ్గరే. మా గేటుకి పొద్దున పదింటికి తాళం పడితే సాయంత్రం నాలుగు వరకూ తీయరు. విశాఖలో చాలా పార్కులది ఇదే పద్ధతి, అందుకే నాకెప్పుడూ వింతనిపించలేదు. “ఉండు అప్పా” అని ఫోన్ తీశాను. చెట్టు కింద సిగ్నల్ లేదు. ఊరి వెనక మెట్ట మీద ఒక బండ దగ్గర వస్తుందంటే అందరం ఎక్కాం. ప్రెసిడెంటు గారికి చేసి, స్పీకరు పెట్టాను.

“మధ్యాహ్నం తెరిస్తే కనబడ్డవాళ్ళంతా వచ్చి పడుకుంటారండీ!”

“పడుకోనివ్వండి. పార్కు మరెందుకు?”

“కమిటీ ఒప్పుకోదు పార్వతి గారూ.”

“కమిటీ సంగతి నాకొదిలేయండి. మీరు ఒప్పుకుంటారా లేదా, అది చెప్పండి. ఊరంతా వింటోంది.”

ఆయన తటపటాయించారు. నేను సందివ్వకుండా రాళ్ళ సంగతి మొత్తం చెప్పేశాను, గురుబారి చెప్పిందీ చెప్పాను. మెట్ట ఎక్కుతుండగా తాత చెప్పాడు, పేరు లేని రాయి వేయకూడదట, మన పార్కులో మన పోయినవాళ్ళ పేర్ల మీద వేసుకోవాలట, రాయి వీళ్ళు ఎంచుతారు, మోసేది మాత్రం ఇంటివాళ్ళేనట అన్నాను.

“సావిత్రి పేరు మీద నేను వేయొచ్చా?” అన్నారు. సావిత్రి గారు ఆయన భార్య, పోయి ఏడాది కూడా కాలేదు.

తెలుగు తక్కువ మాట్లాడే సోంబరు తాత ఫోన్ దగ్గరికి వంగి గట్టిగా అరిచాడు. “ఎయ్యొచ్చు బాబూ! ఎవులు వచ్చినా కూకోనివ్వాలి. లేపకూడదు!”

“సరే” అన్నారు ప్రెసిడెంటు గారు. “సరే. తాళం తీయిస్తాను.”

కిందికి దిగి చోడి అంబలి, అదే రాగంబలి, తాగి, ఉలవచారుతో సామన్నం తిన్నాం. డ్రాయింగు వెనకవైపు గురుబారి బొగ్గుతో కొత్త ప్లాను గీసింది. నీడ ఎటు పడుతుందో అడిగి రాళ్ళు అటు జరిపింది, మధ్యలో థింసా ఆడటానికి మట్టి నేల వదిలింది, సిమెంటు వద్దంది. నేనొక మూల మంచినీళ్ళ కుళాయి గీశాను. మా ఆటోవాడి ధర్మమా అని బస్సు కూడా అందింది. విశాఖ చేరాక ఆర్కిటెక్టు కుర్రాడు ఆ బొగ్గు ప్లానునే పక్కాగా గీసిచ్చాడు. కమిటీలో రెండు మీటింగులు గొడవపడ్డాం, గెలిచాం. నెల తిరక్కుండా తాత, గురుబారి, ఊరివాళ్ళు మరికొందరు వచ్చి నాలుగు రోజులు మా ఇళ్ళల్లోనే ఉండి రాళ్ళు వేయించారు. నడుం నొప్పి మనిషి ప్రెసిడెంటు గారు, ఇద్దరు కొడుకుల సాయంతో, వగరుస్తూ రాయి మోశారు. గురుబారి కూడా వాళ్ళాయన పేరు మీద ఒకటి వేసింది.

పార్కు అంటే ముందు చెట్లు, తర్వాత బెంచీలు, తర్వాత గేటు అనుకునేదాన్ని. ఎవరు కూర్చుంటారన్నది తేల్చుకోకుండా అవన్నీ గీసి ఏం లాభం? మొన్న మధ్యాహ్నం చూశాను. ఆసుపత్రి ఫైలు గుండెల మీద పెట్టుకుని ఎవరో ముసలాయన సావిత్రమ్మ రాయి మీద తల ఆన్చి నిద్రపోతున్నాడు. ప్రెసిడెంటు గారు అటొచ్చారు. వాచ్‌మేన్ లాఠీ తీసుకుని లేచాడు. “కూర్చో. లేపకు” అన్నారాయన మెల్లిగా. తర్వాత అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

అరకు ఊళ్ళకి మీరూ ఇలాంటి పని మీద వెళ్తుంటే ఒక్క సలహా: డ్రాయింగు ఇంట్లో వదిలేసి తెల్లకాగితం పట్టుకెళ్ళండి. మా పార్కు చూడాలనిపిస్తే మాత్రం మిట్టమధ్యాహ్నమే రండి. చోటు లేకపోతే కాస్త జరగమనండి, జరుగుతారు.