బేసి తేదీల పొగడ్త

ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఉప్పక్క చెంచా పెట్టకుండా ఏ గిన్నే వంటింటి గడప దాటదు. పూటకి ఆరువందల మంది తినే చోటు అది. తెడ్లు పట్టుకున్న వంటవాళ్లు, మనిషికి రెండింతలున్నవాళ్లు కూడా, ఆవిడ నాలుక మీద ఓ చుక్క వేసుకుని కళ్లు మూసుకోగానే ఊపిరి బిగబట్టి నిలబడతారు. "బాగుందా అక్కా?" అని నోరు జారిన కొత్తవాడికి ఆవిడ చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే.

"బాగుందని చెప్పే ఉద్యోగం చిన్నప్పుడే చేసి మానేశాను. ఇప్పుడు ఎక్కువైందా, తక్కువైందా అన్నదే చెప్తాను."

ఆ చిన్నప్పటి ఉద్యోగం కథే ఇది. ఓ గ్లాసుడు నీళ్లు పక్కన పెట్టుకుని వినండి, ఇందులో ఉప్పు జాస్తి.

ఉప్పక్క నాన్న దర్జీ. ముందుగదిలో కొట్టు, వెనకగదిలో కాపురం, మధ్యన ఓ పాత పరదా. అమ్మ టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది. పిల్లలు లేవకముందే వెళ్లి పొద్దువాలాక వచ్చేది. అందుకని రాత్రి వంట అమ్మది, మధ్యాహ్నం వంట నాన్నది. బడి రెండు వీధుల అవతలే కాబట్టి, గంట కొట్టగానే అక్కా తమ్ముడూ భోజనానికి ఇంటికి రావలసిందే. తప్పించుకుందామంటే సందు లేదు.

నాన్న కుట్టుకి వంక పెట్టగల మొనగాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆయన సూత్రం ఒకటే: "గుడ్డ ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉంచాలి. ఎక్కువైతే తర్వాత సరిచేసుకోవచ్చు. తక్కువైతే ఎక్కణ్ణుంచి తెస్తాం?" పిల్లల లాగుల్లో రెండేళ్ల ఎదుగుదలకి సరిపడా గుడ్డ లోపలికి మడిచి కుట్టేవాడు. తల్లులు ఆయన పేరు చెప్పుకుని దీవించేవారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ మహానుభావుడు అదే సూత్రాన్ని వెంటబెట్టుకుని పరదా దాటి వంటింట్లోకి వచ్చాడు, అక్కడొచ్చింది చిక్కు. ఉప్పు కొంచెం ఎక్కువే. కారం కొంచెం ఎక్కువే. పొయ్యి మీద ఉంచే సమయం అయితే మరీ ఎక్కువ, ఎందుకంటే ఈలోగా ఎవరో ఒకరు కొలతలివ్వడానికి వచ్చేవారు.

పోనీ రుచి చూస్తాడా అంటే, పొద్దస్తమానం పెదాల మధ్య గుండుసూదులే. నోట్లో సూదులున్నవాడు కూరేం చూస్తాడు? పోనీ తర్వాతైనా తింటాడా అంటే అదీ లేదు. "వండినవాడికి ఆకలుండదమ్మా" అంటూ రొట్టెముక్క టీలో ముంచుకు తిని మిషను ముందు కూర్చునేవాడు. దాంతో ఆయన వంట ఎలా ఉంటుందో తెలియని మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే. పప్పులో అప్పుడప్పుడూ బొత్తాలు వచ్చేవి. పిల్లలు వాటిని కడిగి అగ్గిపెట్టెలో దాచేవారు. ఏడాది తిరిగేసరికి ఓ చొక్కాకి సరిపడా పోగయ్యాయి.

నిజం చెప్పేయొచ్చు కదా అంటారేమో. ఒకసారి చెప్పినట్టే అయింది. తమ్ముడికి ఐదేళ్లప్పుడు, మొదటి ముద్దే కంచంలోకి ఉమ్మేసి గుక్కపట్టి ఏడ్చాడు. నాన్న కంచం తీసి కడిగేశాడు. పరదా అవతలికి వెళ్లి కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమంతా మిషను చప్పుడు లేదు. పుట్టినప్పటినుంచీ ఆ టకటకలోనే నిద్రపోయి, ఆ టకటకలోనే లేచిన పిల్లలకి ఆ నిశ్శబ్దం చూసి భయమేసింది. రాత్రి అమ్మ ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మీ నాన్న తిడితే భరించొచ్చు. చిన్నబుచ్చుకుంటే నా వల్ల కాదు. ఎలా తింటారో నాకు తెలీదు, ఆయన మొహం మాత్రం అలా చేయకండి."

ఆ రోజు పుట్టింది వంతుల పద్ధతి. రోజుకొకరు వంట బాగుందని చెప్పాలి. నమ్మేట్టు చెప్పాలి. బేసి తేదీలు అక్కవి, సరి తేదీలు తమ్ముడివి. పిల్లకాకి కదా అని అక్క వాణ్ణే ముందు కోరుకోనిచ్చింది. ముప్పై ఒకటో తారీఖు తర్వాత ఒకటో తారీఖు కూడా బేసేనని, వరసగా రెండు రోజులు తనే పొగడాలని ఆవిడకి నెలాఖరుకిగానీ వెలగలేదు. తమ్ముడు మాత్రం క్యాలెండరు చూసుకునే కోరుకున్నాడు. ఇప్పుడు వాడు బీమా ఏజెంటు, ఆశ్చర్యమేముంది.

మాటలు ఎన్నని దొరుకుతాయి? "ఇవాళ కూర అదిరింది నాన్నా", "ఇలాంటిది అమ్మకి రాదు", "వాసనకే కడుపు నిండింది". ఆ చివరిది అక్షరాలా నిజం. అయితే ఎంత పొగిడినా రెండోసారి పెట్టమని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు. పొగడ్తకి నాలుక చాలు, రెండో వడ్డనకి గుండె కావాలి. నాన్న దానికీ ఓ కారణం వెతుక్కున్నాడు. "పిట్ట కడుపులు పాపం" అని కొట్టుకి వచ్చినవాళ్లతో చెప్పుకుని మురిసిపోయేవాడు.

అలా నాలుగేళ్లు గడిచాయి. ఉప్పక్క పదేళ్లది. బడిలో 'నాకు నచ్చిన భోజనం' అని వ్యాసాల పోటీ పెట్టారు. నాలుగేళ్ల అభ్యాసం ఊరికే పోతుందా? రెండు పేజీలు గుక్కతిప్పుకోకుండా రాసి పారేసింది. మా నాన్న చేసే బీన్స్ బంగాళాదుంపల కూర తింటే జ్వరం పట్టినవాళ్లు లేచి కూర్చుంటారని రాసింది. మొదటి బహుమతి. నాన్న ఆ కాగితానికి అద్దం కట్టించి, కొట్టులో కత్తెరలు తగిలించే మేకుకి వేలాడదీశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. బడిలో కొత్త గది కట్టారు, దాని ప్రారంభం రోజున అందరికీ భోజనాలు. తీరా వంటమనిషి చెయ్యి విరిగింది. పెద్ద టీచరు ఏకంగా కొట్టుకే వచ్చేసింది.

"వ్యాసం చదివాక వేరేవాళ్ల పేరు తట్టలేదండి. అన్నం మా ఆయాలు వండుతారు. కూర మాత్రం మీరే చేయాలి. నూటయాభై మంది."

నాన్న నోట్లోంచి సూదులు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్లలో అంత వెలుగు ఉప్పక్క ఎప్పుడూ చూడలేదు. ఆవిడకి మాత్రం పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. నిన్నటిదాకా ఇద్దరు పిల్లలు కళ్లు మూసుకుని మింగిన గుట్టు, రేపు నూటయాభై మంది ముందు బట్టబయలు కాబోతోంది. ఒక్కడు ఉమ్మితే ఓ మధ్యాహ్నం మిషను ఆగింది. నూటయాభై మంది ఉమ్మితే మళ్లీ తిరుగుతుందా?

"అక్కా, నీ వ్యాసం, నీ బహుమతి. నాకేం సంబంధం లేదు" అన్నాడు తమ్ముడు.

"బేసి తేదీ కూడా నాదే కదరా" అంది ఆవిడ ఏడుపు గొంతుతో. నిజమే, ప్రారంభం ముప్పై ఒకటో తారీఖున.

ఆ రోజు బడి వెనక వంటపాకలో నాన్న మెడలో టేపుతోనే గరిటె తిప్పుతున్నాడు. అలవాటు ప్రాణం మరి. ముందు వసారాలో పెద్ద టీచరు ఉపన్యాసం మొదలైంది. ఉప్పక్క గిన్నె దగ్గరికి చేరి చెంచాడు కూర నాలుక మీద వేసుకుంది. వెన్నుదాకా జలదరించింది. రోజూ వాళ్లిద్దరికీ ఏ పాళ్లలో పడేదో, ఇవాళా అదే పాళ్లలో పడింది ఉప్పు. ఆ మనిషి కొలత ఎప్పుడూ తప్పడు, కొలతే తప్పు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు నాన్న.

'అదిరింది' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వసారాలో పళ్లేలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. ఆ మాట మింగేసింది. కూర మింగడం కన్నా కష్టమైంది.

"ఉప్పెక్కువైంది నాన్నా."

గరిటె ఆగింది. "ఇవాళేనా?"

"రోజూనూ."

నాన్న గిన్నెలోకి చూశాడు. "మరి రోజూ బాగుందనేవారు కదమ్మా ఇద్దరూ?"

"బేసి తేదీలు నావి, సరి తేదీలు తమ్ముడివి. వంతులేసుకున్నాం."

చెప్పేసి తల దించుకుంది. భోరుమని ఏడవాలనిపించింది. గిన్నెలో ఇంకా ఉప్పు పడటం దేనికని ఆపుకుంది. ఇక ఆ గరిటె కింద పెట్టి వెళ్లిపోతాడనే అనుకుంది. నాన్న చెవి మీద పెన్సిలు తడుముకున్నాడు. ఎవరైనా చంకలో బిగుసుకుందని జాకెట్టు తిరిగి తెస్తే, ఆ కుట్టు చూస్తూ ఏ గొంతుతో అడిగేవాడో అదే గొంతుతో అడిగాడు.

"ఎంత వదలాలి?"

ఉప్పక్క ఇంకోసారి నాలుక మీద వేసుకుంది. ఈసారి కళ్లు మూసుకుంది. పుట్టి బుద్ధెరిగాక నిజంగా రుచి చూడటం అదే మొదలు. "ఇంతకి ఇంతా వదలాలి నాన్నా. ఉప్పు లేకుండా ఇంకో గిన్నెడు."

వారానికని తెచ్చిన బంగాళాదుంపల బస్తా సామాను గదిలో ఉంది. ఆయాలు, తండ్రి, కూతురు కూర్చుని గబగబా తరిగి ఇంకో పెద్ద గిన్నెలో ఉడకేశారు. టైము చాలదు. ఉప్పక్క తమ్ముణ్ణి కేకేసి చెవిలో ఏదో ఊదింది. వాడు వసారాలోకి పోయి, ఉపన్యాసం ముగిస్తున్న పెద్ద టీచరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "టీచర్, ఈ బడి మొదట్లో ఎలా ఉండేదో చెప్పండి టీచర్." ఆవిడ కరిగిపోయింది. ఇంకో ముప్పావుగంట చెప్పింది. బడి పిల్లలంతా వాణ్ణి ఆ ఏడాది పొడుగునా చావబాదుతూనే ఉన్నారు.

రెండు గిన్నెలూ ఒకటి చేసి, కలిపి, మళ్లీ చూసింది ఉప్పక్క. చాలు అంది. నూటయాభై మంది తిన్నారు. ఒక్కరు కూడా ఉమ్మలేదు. సరికదా, ఆయాలు డబ్బాల్లో ఇళ్లకి పట్టుకెళ్లారు. పెద్ద టీచరు నాన్న చేయి పట్టుకుని వ్యాసంలో ఒక్క అక్షరం అబద్ధం లేదంది. నాన్న కూతురి వంక చూసి, "కొలత మా అమ్మాయిదండి" అన్నాడు. ఆవిడ వెళ్లాక మాత్రం మెల్లిగా గొణిగాడు: "చూశావా, ఎక్కువ ఉంటే తర్వాత సరిచేసుకోవచ్చు." ఆ మొండిఘటంతో ఎవరు వాదిస్తారు?

జనమంతా పోయాక ముగ్గురూ వంటపాక గుమ్మంలో కంచాలు పెట్టుకుని కూర్చున్నారు. నాన్న తన వంట తాను తినడం అదే మొదటిసారి. నాలుగు ముద్దలు నెమ్మదిగా తిన్నాడు. ఐదో ముద్ద కలుపుతూ ఆగాడు.

"ఇవాళ ఎన్నో తారీఖు?"

"ముప్పై ఒకటి" అన్నాడు తమ్ముడు, అంతకన్నా ఆనందం లేనట్టు.

"అయితే నీ వంతే కదమ్మా."

ఉప్పక్క నోరు తెరిచింది. కూర బాగుంది. నిజంగా బాగుంది. తీరా చెబుదామంటే ఒక్క మాటా రాలేదు. ఉన్న మంచి మాటలన్నీ నాలుగేళ్లలో బేసి తేదీలకి ఖర్చయిపోయాయి. నాన్న ఎదురుచూస్తున్నాడు. ఏం చేయాలో తెలియక ఖాళీ కంచం ఆయన ముందుకి చాచింది.

"నాన్నా, అక్క ఏమీ చెప్పకుండా ఎగ్గొడుతోంది. రేపూ అక్క వంతే, వదలకు" అన్నాడు తమ్ముడు.

నాన్న వాడి మాట వినిపించుకోలేదు. చాచిన ఆ కంచాన్నే కాసేపు చూశాడు. తర్వాత గరిటె గిన్నెలో అడుగుదాకా ముంచి వడ్డించాడు, కొంచెం ఎక్కువే.