గంపలో బిడ్డ మీద చెయ్యి

ఎనభైల్లో, ఆగిరిపల్లి దగ్గర మా ఊరి హైస్కూలు రజతోత్సవానికి ఒక సావనీరు వేశారు. అందులో పాతకాలం ఫొటో ఒకటి. పంచెకట్టు, కండువాతో తోట ఆసామి చెయ్యి చాచి నిలబడి ఉంటాడు. ఆ చేతికింద, మామిడికాయల గంపలో పసిపిల్ల. అడుగున 'బిడ్డలను ఆదరించిన ధర్మమూర్తి' అని రాశారు. చూసినవాళ్లకి కళ్లు చెమర్చాలి మరి. నాకు ఒళ్లు మండింది.

ఆ పిల్ల మా అమ్మ. ఆ చెయ్యి చెబుతున్నది 'తియ్యండి ఇక్కణ్ణించి' అని. అసలు ఫొటోలో ఎడమపక్క పదకొండుమంది ఆడకూలీలు నేలమీద బైఠాయించి ఉంటారు, చివర మా అమ్మమ్మ. కోతల రోజుల్లో పాలిచ్చే తల్లుల్ని కూడా మధ్యాహ్నం ఇంటికి వెళ్లనిచ్చేవాడు కాదు ఆ మహానుభావుడు. బెజవాడ నుంచి ఫొటోగ్రాఫరు వచ్చిన రోజు చూసి, కాయలు కుమ్మరించేసి, గంపల్లో పిల్లల్ని పడుకోబెట్టి కూర్చున్నారు వీళ్లు. పరాయి మనిషి ముందు కర్ర ఎత్తడని ధైర్యం. మర్నాటి నుంచి తల్లులకి గంటసేపు విడుపు దొరికింది.

అమ్మమ్మ ఈ సంగతి చెబితే ఊళ్లో నవ్వేవాళ్లు. "ఆసామి ఎదట కూర్చున్నావా? నువ్వా?" అని. అందుకే ఆసామి గారింట్లో ఫొటో కంటపడగానే అడిగి తెచ్చి చూపించాను. తన మొహం మీద వేలుపెట్టి చాలాసేపు చూసుకుంది.

"అచ్చులో వేయించవే. అప్పుడైనా నోళ్లు మూస్తారు" అంది.

నేను ఆ స్కూల్లో సోషల్ టీచర్ని. జరిగింది నాలుగు వాక్యాల్లో రాసి, ఫొటోతోపాటు సావనీరు పని చూస్తున్న తెలుగు మాస్టారికి ఇచ్చాను. ఫొటో తిరిగొచ్చింది. పుస్తకం వచ్చింది, అందులో నా నాలుగు వాక్యాలూ లేవు. పుస్తకం పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్లాను.

"మిగతావాళ్లేరండీ?"

"పేజీలో పట్టలేదమ్మా."

"కింద ఎరువుల కొట్టు ప్రకటన పట్టిందే!"

"ప్రకటన ఇచ్చినాయన ఊరుకుంటాడేంటి? అయినా ముఖ్యమైనవాళ్లు పడ్డారు కదా."

"గంపలో పిల్ల ముఖ్యమైతే, కన్నతల్లినెందుకు కోశారు?"

"అబద్ధం ఏం వేశామమ్మా? ఆయన ఉన్నాడు, బిడ్డ ఉంది. ఆ చెయ్యి మేం గీసింది కాదుగా!"

నిజమే, ఒక్క గీత కూడా కలపలేదు. ఎదటివాళ్లని తీసేస్తే చాలు, కసిరిన చెయ్యి దీవించేస్తుంది. ఇక నేను క్లాసులో చరిత్ర చెప్పాలట!

గొడవపడితే చివరికి ఒక సవరణ చీటీ అంటిస్తామన్నారు: 'చిత్రమునందు కొందరు కూలీలు కూడా కలరు.' అమ్మమ్మకి చదివి వినిపించాను.

"కొందరేంటే?" అని వేళ్లు మడుస్తూ పదకొండుమందినీ లెక్కపెట్టింది, ఎవరి గంపలో ఆడపిల్లో, ఎవరి గంపలో మగపిల్లాడో చెబుతూ. "మొహాల్లేని చీటీ నాకెందుకు? ఆ ఫొటో ఇటివ్వు."

ఇచ్చేశాను. గోడకి మేకు నేనే కొట్టాను. నవ్వినవాళ్లని ఒక్కొక్కర్నీ పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి మరీ చూపించింది ఆవిడ. ఫొటో తిరిగిమ్మని ఆసామి గారింటినుంచి రెండుసార్లు మనిషొచ్చాడు.

"మీక్కావలసినంత సావనీరులో ఉందిగా!" అని పంపించేశాను.