పేరు తీసేసిన పేజీ

“పేరు తీసేశాను కదా అమ్మమ్మా, ఇంకెలా తెలుస్తుంది?”

“పేరు తీసేస్తే మనిషి కనబడకుండా పోతుందిటే? కవల మగపిల్లలు, చర్చి పక్కిల్లు, మొగుడు చేపల చెరువుకి కాపలా. ఆ లంకలో ఇలాంటి కాపరం ఇంకోటుందా?”

“చదివేవాళ్ళు ఎక్కడో ఢిల్లీలో ఉంటారు. లంకలో ఎవరింట్లో ఉంది కంప్యూటరు?”

“చెరువు ఆసామి కొడుకు ఏలూరు కాలేజీలోనేగా ఉన్నాడు. వాడు నాకంటే తక్కువ చదివాడా?”

మొన్న ఫోనులో ఏదో దరఖాస్తు నింపుతుంటే ‘మీ వివరాలు గోప్యంగా ఉంచబడును’ అన్న మాట కనబడి, ఇరవై ఏళ్ల కిందటి ఈ గొడవ గుర్తొచ్చింది. అప్పట్లో మా మనవరాలు తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో ఏలూరు వెళ్ళి, మనుషుల హక్కుల కోసం పనిచేసే ఒక సంస్థకి వెబ్‌సైటు తయారుచేసేది. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఆ పనిలో వాటా ఎలా వచ్చిందంటే, పేజీలన్నీ కాగితాల మీద అచ్చువేసి తెచ్చి నాచేత పైకి చదివించేది, నేను తడబడిన చోటల్లా మాట మార్చేసేది. ‘నిర్బంధం’ దగ్గర నేనాగితే ‘కదలనివ్వకుండా ఉంచడం’ అని రాసుకునేది. ఒక వైపే అచ్చువేసిన కాగితం చూస్తే నాకు ప్రాణం ఒప్పేది కాదు గానీ, చదవడం మాత్రం మహా కుతూహలంగా ఉండేది. ఈ పేజీ ఎక్కడుంటుంది, కరెంటు పోతే అదీ పోతుందా, చూసేవాళ్ళు మనకి కనబడతారా అని ప్రాణం తీసేదాన్ని. అన్నిటికీ ఓపిగ్గా చెప్పేది. ఒకసారి చదివేసిన వాడి దగ్గర్నుంచి వెనక్కి తీసుకోగలమా అని అడిగితే మాత్రం కాగితాలు సర్దుకుని లేచిపోయింది.

ఆ గొడవ జరిగిన సాయంత్రం తెచ్చిన కాగితం, చెరువు ఆసామి మనుషులు మొగుణ్ణి గట్టు మీద కట్టేసి కొట్టారని ఒకావిడ చెప్పుకున్నది. ఆ లంక మా తోటికోడలి పుట్టినూరు కాబట్టి, సగం చదివేసరికే ఆవిడెవరో నాకు తెలిసిపోయింది. మర్నాడు మధ్యాహ్నం దాన్ని సైటులో పెట్టేస్తారట. మనవరాలు అన్నం కూడా సరిగా తినలేదు.

ఇప్పుడు నాలాంటి ముసలిదాని మందుల చీటీ కూడా ఫోను లోపలే ఉంటోంది. మన సంగతులు ఎవరెవరు చదువుతున్నారో మనకి తెలీదు, ఎవరూ ముందుగా అడగరు కూడా. ఆ రోజుల్లో అడగడానికి కనీసం బస్సెక్కి వెళ్ళేవాళ్ళం.

ఆవిణ్ణే అడుగుదామని మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఏలూరులో దిగి కైకలూరు బస్సెక్కాం. రోడ్డు దగ్గర దిగి గట్టు మీద నడిచి వెళ్ళేసరికి ఆవిడ వాకిట్లో చేపలు తోముతోంది. ఆవిడకి చదువు రాదు కాబట్టి కాగితం నేనే చదివి వినిపించాను. రెండోసారి కూడా చదవమంది.

“ఇది వేస్తే మళ్ళీ కొట్టకుండా ఉంటారాండీ?” అంది.

“చెప్పలేనండీ,” అంది మా మనవరాలు.

“అయితే ఇప్పుడే వద్దండీ. పిల్లల్ని మా అమ్మ దగ్గర దింపి వచ్చాక నేనే కబురెడతాను. అప్పుడు పేరుతో సహా వేసుకోండి.”

మనవరాలు సరేనండీ అంది. తిరుగు బస్సులో ఏలూరు వచ్చి ఆఫీసుకి వెళ్ళింది, నేను రైలెక్కి ఇంటికొచ్చేశాను. ఆ మధ్యాహ్నం ఆ పేజీ వెయ్యలేదు.