కులాత్రా దీవిలో కొండపిల్ల

ఇదలీనా కులాత్రా దీవికి కోడలిగా వచ్చిన రోజున లాంచీ దిగుతూనే బురదలో జారి చతికిలబడింది. ఆమెది సీసా బిరడాల కోసం చెట్ల బెరడు ఒలుచుకునే కొండ ఊరు. ఈత రాదు, సముద్రమంటే భయం. ఆడబిడ్డ గ్రసియేత్ నడుం మీద చేతులు పెట్టుకుని, "మా తమ్ముడు చేపలకని వెళ్ళి మేకను పట్టుకొచ్చాడు" అంది. ఆ మాట సాయంత్రానికి దీవంతా పాకింది. అప్పటినుంచి ఆమె అందరికీ కొండపిల్లే.

ఆ కొండపిల్ల ఐదేళ్ళు తిరక్కుండానే బురదలో దొరికే తినే గుల్లలు తవ్వడంలో దీవిలో అందరినీ దాటిపోయింది. నేర్పింది ఆమె మొగుడు కుస్తోదియోనే. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తగ్గి ఉప్పుటేరు అడుగు బయటపడగానే, బురద మీద జంటగా కనిపించే సన్నటి కన్నాలను పట్టి చూసి, చిన్న కత్తితో ఒక్క పోటు పొడిస్తే గుల్ల చేతిలో ఉండేది. ముప్పై ఏళ్ళు ఆ పని చేసింది. ఆమెకు అది బతుకుతెరువు మాత్రమే కాదు. నలుగురిలో ఆమె తలెత్తుకు తిరిగింది దానివల్లే.

కుస్తోదియోకి అరవై రెండో ఏట వల బాగుచేసుకుంటూండగా పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి మాటల్లో మిగిలింది ఒక్కటే: "పో". అన్నం కావాలన్నా పో, నీళ్ళు కావాలన్నా పో.

ఇదలీనా కొంగు బిగించింది. నీళ్ళు పొలమారకుండా ఆసుపత్రివాళ్ళిచ్చిన పొడి చిక్కగా కలిపి చెంచాతో పట్టేది. రెండేసి గంటలకు పక్క మార్చేది. ఇంటికొచ్చే నర్సు నేర్పినట్టు, అతని మోకాళ్ళకు తన మోకాళ్ళు ఆన్చి, నడుం పటకా పట్టుకుని కుర్చీలోకి లేపేది. ఏడాది గడిచినా అతని ఒంటి మీద ఒక్క పుండు లేదు. నర్సు వచ్చినప్పుడల్లా వీపు, మడమలు చూసి "శభాష్" అనేది. ఆ ఒక్క మాటతో వారం గడిచేది.

రెండో చలికాలానికి ఆ మాట కూడా చాల్లేదు. అందరూ ఆయనెలా ఉన్నాడనే అడిగేవారు. గుల్లల కత్తి మేకుకు వేలాడుతూ తుప్పు పట్టింది. ఒక మధ్యాహ్నం కుస్తోదియో చారు గిన్నెను ఎడమచేత్తో విసిరికొట్టాడు. ఆమె నేల తుడిచింది, దుప్పటి ఉతికి పెరట్లో ఆరేసింది. ఆ తడి దుప్పటి ముందే నిలబడిపోయింది. అరగంటయినా కదల్లేదు.

గ్రసియేత్ అటుగా వచ్చి చూసింది. "ఏంటే, దుప్పటికి కాపలా కాస్తున్నావా?"

"లోపలికి వెళ్ళబుద్ధి కావట్లేదొదినా."

గ్రసియేత్ దుప్పటి అంచు పట్టుకుని నీళ్ళు పిండింది. "రేపు ఆటెన్నింటికి?" అంది.

"నాకేం తెలుసు? చూసి ఏడాదిన్నరైంది."

"పదకొండింటికి. నువ్వెళ్తున్నావు. వాడి దగ్గర నేను కూచుంటా."

"మీకు నీళ్ళు పట్టడం రాదు. పొలమారితే..."

"వాడికి ముద్దలు పెట్టి పెంచింది నేనే. అప్పటికి నువ్వింకా మేకల వెనకాల తిరుగుతున్నావు."

ఆ సాయంత్రమంతా ఇదలీనా ఆడబిడ్డకు పాఠం చెప్పింది. గడ్డం కిందికి ఉంచాలి, మోచేతి కింద దిండు పెట్టాలి, తొందరపెట్టకూడదు. గ్రసియేత్ సణుగుతూనే రెండుసార్లు అప్పజెప్పింది.

మర్నాడు బురదలోకి దిగగానే ఫెలిస్మీనా కేకేసింది. ఇరవై ఏళ్ళుగా పక్కపక్కనే తవ్వే మనిషి. "గుల్లల్లారా, దాక్కోండే! కొండపిల్ల దిగింది!"

మొదటి గంట చేతులు మొద్దుబారిపోయి ఉన్నాయి. పది గుల్లలకోసారి వెనక్కి తిరిగి ఇంటివైపు చూసింది.

"ఇల్లెక్కడికీ పోదులే. నీళ్ళే తిరిగొచ్చేస్తాయి, తవ్వు" అంది ఫెలిస్మీనా.

తవ్వింది. నడుం వంగిన కొద్దీ చేతులకు పాత దారి తెలిసింది. కుస్తోదియో సంగతి అక్కడెవరూ ఎత్తలేదు. ఎవరో పెళ్ళిలో వియ్యపురాలి సవరం గాలికి ఎగిరి కేకు మీద పడిన వైనం చెప్పుకుంటున్నారు. ఇదలీనా పకపకా నవ్వింది. నవ్వాక భయం వేసింది, తప్పేదో చేసినట్టు. తర్వాత ఆకలి వేసింది. ఫెలిస్మీనా చేతిలోంచి రొట్టె సగం, చేపముక్క సగం లాక్కుని తినేసింది. ఆ పూట తిండి రుచి నాలుకకు తెలిసింది.

తిరిగొస్తుంటే సందు చివరికే ఇంట్లోంచి అరుపులు వినిపించాయి. బురద బూట్లతోనే లోపలికి పరుగెత్తింది. గోడ మీద చారు కారుతోంది. గ్రసియేత్ గరిటె పట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది.

"మాట్లాడాడే! వీడు మాట్లాడాడే!"

"ఏమన్నాడు?"

"నా చారు రుచి చూసి 'ఉప్పు లేదు' అన్నాడు, సచ్చినోడు!"

ఇదలీనా గిన్నె అడుగున వేలు పెట్టి నాకింది. "నిజమే వదినా. లేదు."

కుస్తోదియో ముఖంలో ఎడమ సగం నవ్వింది. ఆమెకు సంతోషంతో పాటు చివుక్కుమంది కూడా. "ఏడాదిన్నర నేను పెడితే నోరు విప్పనివాడు మీ చారుకి పలికాడా?"

"నువ్వు పెట్టేదాంట్లో వంకేముంది, పలకడానికి? చిన్నప్పటినుంచీ వాడికి నామీద కోపమొస్తేనే నోరొచ్చేది."

ఆనాటి నుంచి మంగళ, శుక్రవారాలు ఇదలీనా ఆటుకు వెళ్ళడం మొదలుపెట్టింది. తెచ్చిన గుల్లల్లో చిన్నవాటిని ఏరి మళ్ళీ నీళ్ళలో వదలాలి. ఒక రోజు ఆమె ఏరుతుంటే కుస్తోదియో ఎడమచెయ్యి తొట్టివైపు చాచాడు.

"నీకెందుకు శ్రమ? పడుకో."

"పో!" అన్నాడు. కోపం రానప్పుడు అతని నోట ఇంకా ఆ ఒక్క మాటే. ఈసారి ఆమెకు అర్థమైంది. తొట్టిని అతని ఒళ్ళో పెట్టింది. ఒక్క బుట్ట ఏరడానికి పొద్దంతా పట్టింది. మొదటి నెల సగం గుల్లలు నేల మీదే దొర్లాయి. కానీ అతని కంటి కొలత చెక్కుచెదరలేదు. గోరంత తక్కువున్నా తిరిగి వదిలే బకెట్టులో పడాల్సిందే. కొన్నాళ్ళకు పట్నం వ్యాపారి ఆమె బస్తాలు విప్పి చూడటం మానేశాడు. "కుస్తోదియో చూశాడు కదా, ఇంక నేను చూసేదేముంది" అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పినప్పుడు కుస్తోదియో కుర్చీలో నిటారుగా జరిగి కూచున్నాడు.

ఆగస్టులో పడవల మీద మేరీమాత ఊరేగింపు. రంగు కాగితాలు కట్టిన పడవలన్నీ రేవులో బారుతీరాయి. నలుగురు కుర్ర జాలర్లు కుస్తోదియో కుర్చీ చుట్టూ చేరారు.

"పిన్నీ, నువ్వు జరుగు. కుర్చీతో సహా మేం ఎత్తేస్తాం."

"మీ బాబాయిని బస్తాలా మోసుకెళ్తారట్రా? చేతులు తియ్యండి."

ఆమె మోకాళ్ళు ఆన్చింది, పటకా పట్టుకుంది, "ఊఁ" అంది. కుస్తోదియో లేచాడు. రేవులో అందరూ ఇటే తిరిగారు. పడవకు వేసిన పలక మీద ఒక అడుగు. కుడికాలు ఈడ్చుకుంటూ ఇంకొకటి. మూడోదానికి పడవలో ఉన్నాడు. ఇదలీనా ఒళ్ళంతా చెమట.

పడవలోంచి గ్రసియేత్ గొంతు ఖంగుమంది. "నోళ్ళు తెరుచుకుని చూస్తారేంట్రా? అది నా మరదలు!"

మరదలని నలుగురిలో అనడం అదే మొదటిసారి. ఇదలీనా వినిపించుకోనట్టే పటకా సర్దింది, కానీ పెదాలు ఆగలేదు. నవ్వేసింది.

అక్టోబరులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కొత్త డాక్టరు కుస్తోదియోని పక్కకు తిప్పి వీపు చూశాడు, మడమలు చూశాడు, ఎడమచేతి బలం చూశాడు. "ఈయన్ని ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగాడు.

"నేను" అంది ఇదలీనా. డాక్టరు రాసుకోబోతుంటే ఆపింది. "నేనొక్కదాన్నే కాదండీ. ఆటు రోజుల్లో మా వదిన గ్రసియేత్. ఆవిడకి మోకాళ్ళ నొప్పులొస్తే ఫెలిస్మీనా. ముగ్గురి పేర్లూ రాయండి."

కాగితంలో అంత చోటు లేదన్నాడు డాక్టరు.

"పక్కన రాయండి, ఫర్వాలేదు" అని, అతను మూడు పేర్లూ రాసేదాకా ఆమె అక్కడే నిలబడింది.