శుభవార్తకు చెప్పని కబురు

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె ‘శుభవార్త’. మొదట వెటకారంగానే పెట్టారు ఆ పేరు. తర్వాత అది ముద్దుపేరైంది, ఆ తర్వాత ఆమె బ్యూటీ పార్లర్‌కే పేరైపోయింది. “శుభవార్త దగ్గరికెళ్లి కనుబొమ్మలు చేయించుకొస్తా” అంటే ఏ ఇంట్లోనూ వింతగా చూడరు.

పార్లరంటే పెద్దదేం కాదు. మందుల షాపు పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్లాల్సిన ఒకే ఒక గది. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, తల కడగడానికి మూలన ఓ సింకు, చల్లదనంకన్నా చప్పుడు ఎక్కువిచ్చే ఏసీ. మొదటి కుర్చీ ఆమెది. రెండో కుర్చీ దగ్గర పనిచేసే ఆవిడను కస్టమర్లు ‘రెండో కుర్చీ’ అనే అంటారు. నోట్లో నాలుక లేని మనిషి, చేయి మాత్రం మెత్తన. గోడకు ఒకప్పుడు టీవీ ఉండేది. ఇప్పుడు దాని మేకులే ఉన్నాయి.

ఆ టీవీ తీసేయించడానికి కారణం ఉంది, నవ్వకండి. ఒకప్పుడు ఈమెకున్నంత వార్తల పిచ్చి ఇంకెవరికీ లేదు. తల దువ్వుతూ టీవీ, తింటూ ఫోను. ఎక్కడో వంతెన కూలితే ఈమె బస్సెక్కడం మానేసింది. ఎవరికో ఏదో కొత్త జ్వరం వచ్చిందంటే కస్టమర్ల మెడ ముట్టుకోవడానికి చేతులు వణికేవి. అలా వణుకుతూనే ఒకరోజు ఎవరిదో చెవి కత్తెరతో గీరింది. రక్తం చుక్కంతే, కానీ ఈమె అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరు మాత్రలు రాసి, “ముందు ఆ వార్తలు ఆపండమ్మా” అన్నాడు. ఆమె ఆపింది. మామూలుగా కాదు, పగబట్టినట్టు ఆపింది. టీవీ అమ్మేసింది. గడప లోపలికి చెడ్డ కబురు తేకూడదని రూలు పెట్టింది. ఎవరైనా “అది కాదే, నిన్న మా వీధిలో...” అని మొదలెడితే దువ్వెనతో నెత్తి మీద చిన్నగా ఒకటిచ్చేది.

జనానికి అది నచ్చింది. నచ్చదూ మరి? బయట ప్రపంచం మునిగిపోతోందని చెప్పడానికి ప్రతి చేతిలోనూ ఓ ఫోనుంది. ఈ గదిలో మాత్రం ఎవరి పిల్లో నడక నేర్చేది, ఎవరికో ప్రమోషన్ వచ్చేది, ఎవరి అత్తగారో కోడలిని మెచ్చుకునేది. ఆ చివరిది ఎవరూ నమ్మలేదనుకోండి. ఆమెకు మళ్లీ నిద్ర పట్టింది, చేతుల వణుకు పోయింది. ఆమె బతికి బట్టకట్టింది ఆ రూలు వల్లే, ఇందులో నాకు అనుమానం లేదు.

ఇల్లు కూడా ఆ రూలుకు అలవాటుపడింది. భర్త కొరియర్ ఆఫీసులో డ్రైవరు. కడుపులో ఏమున్నా తలుపు బయటే వదిలేసి, నవ్వుమొహం పెట్టుకుని లోపలికొచ్చేవాడు. ఊరికి అవతలి కొసన ఉండే అక్క రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది. తల్లి పోయాక ఈమెను పెంచింది ఆ అక్కే. ఈమె జడ అల్లడం నేర్చుకుంది కూడా నడుము దాటిన ఆ అక్క జుట్టు మీదే. ఈమధ్య కొన్ని నెలలుగా మాత్రం అక్కను చూడటం పడలేదు. బావ అన్నగారింట్లో పసిపిల్లలున్నారని, సాయానికి వెళ్లి అక్కడే ఉంటున్నామని అక్క చెప్పింది. ఈమె నమ్మింది. పసిపిల్లలంటే మంచి వార్తే కదా.

ఆ రోజు పార్లర్‌కు ఒక కొత్త మనిషి వచ్చింది. ఆసుపత్రిలో నర్సు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, కనుబొమ్మ దగ్గర చర్మం వేళ్లతో లాగి పట్టుకుంది. ఈమె దారం కొస పళ్ల మధ్య బిగించి పని మొదలుపెట్టింది.

“మీ అక్కగారు చెప్పబట్టే వచ్చానండీ. మా చెల్లి చేయి మంచిదని ఒకటే పొగడ్త” అంది నర్సు. “ఇప్పుడు జుట్టు వస్తోందా ఆవిడకి? ఆఖరి కీమో అయ్యాక మళ్లీ చూళ్లేదు. ఆవిడ మరిదిగారు, అంటే మీ ఆయనే కదా, పాపం ప్రతిసారీ ఆఫీసు వ్యాన్లో తీసుకొచ్చి, అయ్యేదాకా బయట బల్ల మీదే కూర్చునేవారు.”

దారం తెగింది.

తలెత్తితే అద్దంలో రెండో కుర్చీ కనిపించింది. రంగు బ్రష్షు పట్టుకున్న చేయి అలాగే ఆగిపోయి ఉంది. ఆ మొహంలో భయం ఉంది, ఆశ్చర్యం మాత్రం లేదు.

కొత్త దారం తీసుకుని రెండో కనుబొమ్మ కూడా ఎలా పూర్తిచేసిందో ఆమెకే తెలియాలి. నర్సు మెట్లు దిగగానే వెనక్కి తిరిగింది.

“నీకు తెలుసా?”

“తెలుసు మేడం.”

“ఎప్పట్నుంచి?”

“మొదట్నుంచీ.”

“రోజూ నా పక్కనే నిలబడి, నాతో కలిసి టీ తాగుతూ...”

“గడప లోపలికి తేవద్దని మీరే కదా మేడం అన్నారు” అని ఆవిడ నేల చూపులు చూసింది.

అక్క ఇంటికి వెళ్లే బస్సులోంచి భర్తకు ఫోన్ చేసింది. “అక్కకి క్యాన్సరా?” అంది. “ఎవరు చెప్పారు?” అన్నాడతను. నువ్వెలా ఉన్నావనలేదు, ఎక్కడున్నావనలేదు. పట్టుబడిన దొంగ అడిగే మాట అడిగాడు. ఆమెకు ఒళ్లు మండిపోయి ఫోన్ పెట్టేసింది. పక్కలో పడుకుని, పొద్దున్నే లేచి ‘ఇవాళ డెలివరీలు ఎక్కువ’ అని చెప్పి, అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లి, సాయంత్రం నవ్వుకుంటూ ఇంటికొచ్చిన మనిషి! ఇంకో ఆడదాన్ని చూసుకున్నా ఇంత మండేది కాదేమో.

అక్క ఎక్కడికీ పోలేదు, తన ఇంట్లోనే ఉంది. తలుపు తీసిన బావ గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. అతన్ని తోసుకుని ఈమె లోపలికెళ్లింది. కిటికీ పక్కన కుర్చీలో అక్క సగమైపోయి కూర్చుని ఉంది. తలకు స్కార్ఫు.

“తియ్యి” అంది ఈమె.

అక్క తీసింది. తల మీద జుట్టు గోరంత మొలిచింది. చెవుల వెనక, మెడ మీద అంచులు శుభ్రంగా దిద్ది ఉన్నాయి. మెడ మీది గీత మాత్రం కొంచెం ఎడమకు వాలింది. చెయ్యి ఎడమకు పోతోంది, ఎడమకు పోతోంది అని రెండో కుర్చీని ఎన్నేళ్లుగానో సతాయిస్తున్న గీత అది. జబ్బు సంగతి విని తట్టుకున్న మనిషి ఆ గీత చూసి తట్టుకోలేకపోయింది.

“నీ తల మీద మిషను పెట్టడానికి దాన్ని పిలిచావా అక్కా? ఏం, నేను చచ్చానా?”

“నీకు పాత భయం మళ్లీ తిరగబెడుతుందేమోనని...” అంటూ బావ అందుకోబోయాడు.

“మీరూరుకోండి బావా. మీ అందరి సంగతీ తర్వాత.”

“నీకు చెప్పాలనే ఫోన్ చేశానే” అంది అక్క నెమ్మదిగా. “తెలిసిన రోజునే చేశాను. ఒక మాట చెప్పాలన్నాను. ‘మంచిదైతేనే చెప్పక్కా’ అన్నావు, నవ్వుతూ. అప్పుడే పిచ్చుక సంగతి చెప్పాను.”

ఆమెకు గుర్తుంది. మా బాల్కనీలో పిచ్చుక గుడ్లు పెట్టిందే అంది అక్క ఆ రోజు. ఆ కబురు పార్లర్‌కు వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి ఈమె మురిసిపోయింది.

“పిచ్చుకా లేదు, గుడ్లూ లేవు” అంది అక్క.

“ఇంకోసారి చెప్పచ్చుగా! మెడ పట్టుకుని కూర్చోబెట్టి చెప్పచ్చుగా! అంతా కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు. నువ్వు పోయుంటే? అప్పుడేం చెప్పేవాళ్లు, ఇంకో పిచ్చుక కథా?”

“మోసమే. కాదనను” అంది అక్క. “మొదట నీకోసమే దాచాం. కానీ జుట్టు తీయించుకున్న రోజు మాత్రం నీకోసం కాదు, నాకోసం. నీకు అబద్ధం చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, ఇప్పుడు నిజమే చెప్తా. తల నిమిరితే చాలు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చేస్తోంది. నువ్వొస్తే మిషను పెడుతూ, ‘ఇంకా ఒత్తుగా వస్తుందక్కా’ అంటావు. నాకు తెలియదా? ఆ మాట వినే ఓపిక ఆ రోజు నాకు లేదే. అందుకే ఆవిడకి కబురుపెట్టాను. ఆవిడ ఏమీ అనలేదు. సగం తీసి, మిషను పక్కన పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత మిగతా సగం తీసింది.”

ఈమె అక్క ఎదురుగా నిలబడే ఉంది. అనాల్సినవి ఇంకా బోలెడున్నాయి. కానీ ఎన్నేళ్ల అలవాటో, ఎదుట కుర్చీలో దిగులుగా కూర్చున్న మనిషిని చూడగానే పెదవులు వాటంతటవే విచ్చుకున్నాయి.

“పోన్లే అక్కా, ఇప్పుడు తగ్గిపోయిందిగా” అంది.

అక్క ఆ నవ్వు వైపు చూసింది. తర్వాత ఒళ్లో ఉన్న స్కార్ఫు తీసుకుని మళ్లీ తలకు కట్టుకుంది.